ప్లస్ మేజ్‌లో డయాజిపామ్ బాగానే పనిచేసింది, ఎస్సిటలోప్రామ్ ఎదురు తిరిగింది. ఎందుకు?

గుంటూరు_ఫార్మా

అందరికీ నమస్కారం. ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక మొక్క ఎక్స్‌ట్రాక్ట్‌కి ఆందోళన తగ్గించే గుణం ఉందో లేదో స్విస్ ఆల్బినో మైస్ (తెల్ల చిట్టెలుకలు) మీద చూడటం నా ప్రాజెక్టు. మొక్క పేరు చెప్పలేను, మా సార్ ఒప్పుకోరు. అయినా నా గొడవ మొక్కతో కాదు, పక్కన స్టాండర్డ్‌గా పెట్టే మందుతో.

సీనియర్లందరూ డయాజిపామే పెట్టారు. ఈసారి ఆంపూల్స్ తెప్పించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక షాపువాళ్ళు కాలేజీ లెటర్‌హెడ్ అడిగారు, ఇంకొకరు పేరు వినగానే లేదనేశారు. అప్పుడు మా సార్, "ఈ రోజుల్లో యాంగ్జైటీకి డాక్టర్లు ఎక్కువగా రాసేది ఎస్సిటలోప్రామే కదమ్మా, దాన్నే స్టాండర్డ్‌గా పెట్టు, వైవాలో అడిగినా చెప్పుకోవచ్చు" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఉన్న కాస్త డయాజిపామ్‌తో రెండిటినీ ఒకసారి పోల్చి చూద్దామని చిన్న పైలట్ పెట్టాను.

గ్రూపుకి ఆరేసి మగ మైస్. ఒక గ్రూపుకి ఉత్త వెహికల్ (మందు కలపని ద్రావకం, అదే కంట్రోల్), ఒకదానికి డయాజిపామ్ కిలోకి 1 మి.గ్రా., ఇంకోదానికి ఎస్సిటలోప్రామ్ కిలోకి 10 మి.గ్రా. అన్నీ పొట్టలోకి ఇంజెక్షన్లే. అరగంట ఆగి ఒక్కోదాన్ని 5 నిమిషాలు ప్లస్ మేజ్ మీద వదిలాను. (తెలియనివాళ్ళకి: నేల నుంచి ఎత్తులో ప్లస్ గుర్తులా ఉండే చెక్క అది. ఎదురెదురుగా ఉన్న రెండు ఆర్మ్స్‌కి గోడలుంటాయి, మిగతా రెండిటికి ఉండవు. భయపడే జంతువు గోడల మధ్యే ఉంటుంది, భయం తగ్గినది బయటికి నడుస్తుంది. బయట ఎంతసేపుందో కొలుస్తాం.)

డయాజిపామ్ మైస్ పుస్తకంలో రాసినట్టే చేశాయి. ఓపెన్ ఆర్మ్ చివరిదాకా వెళ్ళి, అంచు మీంచి తల వంచి కిందికి కూడా చూశాయి. ఎస్సిటలోప్రామ్ మైస్ కంట్రోల్ కంటే అన్యాయం. ఒకటైతే వెనక కాళ్ళు గోడల మధ్యే ఉంచి, ఒళ్ళంతా సాగదీసి ముక్కు ఒక్కటే బయటపెట్టేది, చటుక్కున లాక్కునేది. ఉన్నంతసేపూ అదే పని.

మా సార్ ఎక్కడో తేడా జరిగిందంటున్నారు. వారం ఆగి అవే మైస్‌ని మళ్ళీ ఎక్కించమంటున్నారు. కొత్తవి కావాలంటే ఎథిక్స్ కమిటీకి మళ్ళీ రాయాలి.

మందు తేడానా, నా చేతి తేడానా? అవే మైస్ వాడొచ్చా? ఆందోళనకి వాడే మందు ఆందోళన పరీక్షలోనే తప్పితే నమ్మాల్సింది మందునా, పరీక్షనా? సబ్మిషన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

బెజవాడ_బ్రో

సిస్టర్, డోసు ఎక్కువైనట్టుంది. క్లోజ్డ్ ఆర్మ్స్‌లోకి ఎన్నిసార్లు వెళ్ళాయో లెక్క తీయండి. అదీ తగ్గిందంటే భయం కాదు, మందుకి మొత్తంగా కదలిక తగ్గిందని అర్థం.

ఇంకో మాట. ప్లస్ మేజ్ వదిలేసి మార్బుల్ బరీయింగ్ పెట్టేయండి. ఊక మీద గోలీలు పేర్చి మౌస్‌ని వదిలితే అరగంటలో పూడ్చేస్తుంది, ఎస్సిటలోప్రామ్ ఒక్క డోసు పడితే చాలావరకు పూడ్చదు. మేం అలాగే చేశాం. గ్రాఫ్ అదిరిపోయింది. గోలీలు కిరాణా కొట్లో దొరుకుతాయి, డయాజిపామ్‌లా ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు 😀

వరి_ఊక

గుంటూరు అమ్మాయికి: నీ మందూ సరైనదే, నీ చెయ్యీ సరైనదే అయ్యుండొచ్చు. నువ్వు చూసింది కొత్తేం కాదు. నేను బిహేవియర్ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలో జంతువుల విభాగం చూసుకుంటున్నాను. తీరిగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ మేజ్ పుట్టుక తెలుసుకో. ర్యాట్స్‌లో ప్లస్ మేజ్‌ని నిలబెట్టిన పేపరు 1985లో వచ్చింది. పెల్లో, ఫైల్ వాళ్ళది. మైస్‌కి లిస్టర్ 1987లో సరిచేశాడు. నీ థీసిస్ రెఫరెన్సుల్లో ఈ రెండూ ఉండే ఉంటాయి, అందరూ రాస్తారు. 1985 పేపరు సారాంశం ఒక్కసారి తెరిచి చదివావా? క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజిపామ్ ఇస్తే ర్యాట్స్ ఓపెన్ ఆర్మ్స్‌లో ఎక్కువసేపు ఉన్నాయి. కెఫీన్, యోహింబిన్ లాంటివి ఇస్తే తగ్గాయి. దాంతో పాటు ఇంకో మాట కూడా ఉంది: యాంటీ డిప్రెసెంట్లకి, అంటే డిప్రెషన్ మందులకి (నీ ఎస్సిటలోప్రామ్ కూడా ఆ జాతిదే), ఇందులో ప్రత్యేకమైన ప్రభావమేమీ కనిపించలేదని. అప్పట్లో దాన్ని లోపంగా చూడలేదు, పైగా మేజ్‌కి మంచి మార్కు వేశారు. డిప్రెషన్ మందుకి కదలకుండా ఆందోళన మందుకే కదిలింది కాబట్టి ఇది ఆందోళననే కొలుస్తోంది అనుకున్నారు.

ఆ కాలానికి అది తప్పు లెక్క కాదు. ఆందోళన మందంటే అప్పుడు డయాజిపామ్ కుటుంబం, అంటే బెంజోడయాజిపైన్లే. లిబ్రియం (క్లోర్‌డయాజెపాక్సైడ్) 1960లో, వాలియం (డయాజిపామ్) 1963లో బజారుకొచ్చాయి. ఎస్సిటలోప్రామ్ కుటుంబంలోదే (ఎస్ఎస్ఆర్ఐలు అంటారు) అయిన ఫ్లుఆక్సిటిన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది 1987 చివర్లో, అదీ డిప్రెషన్‌కి. పానిక్‌కి, జనరలైజ్డ్ యాంగ్జైటీకి ఈ కుటుంబం మందులకి అనుమతులు ఆ తర్వాత దాదాపు పదేళ్ళకి గానీ మొదలవలేదు. ప్లస్ మేజ్ కంటే ముందున్న పరీక్షలూ అంతే. 1960 నాటి గెల్లర్-సైఫ్టర్‌లో ఆకలేసిన ర్యాట్ మీట నొక్కితే తిండితో పాటు షాక్ కూడా తగులుతుంది. 1971 నాటి వోగెల్‌లో దాహంతో ఉన్న ర్యాట్ నీళ్ళ గొట్టం నాకితే షాక్. శిక్ష ఉన్నా తెగించి తినేలా, తాగేలా చేసే మందే ఆందోళన మందు. ఆ పని బెంజోడయాజిపైన్లు దివ్యంగా చేస్తాయి. అన్నీ ఒకే తూకంరాయి పెట్టి సరిచూసుకున్న తక్కెళ్ళు. మీ సార్ ఇప్పుడు ఆ తక్కెడలో వేరే రకం సరుకు వేసి ముల్లు ఎందుకు లేవలేదని అడుగుతున్నారు. నమ్మాల్సింది మందునా పరీక్షనా అన్నావు కదా, ఏ పరీక్ష ఏ మందుని పట్టుకోవడానికి పుట్టిందో చూడు ముందు.

ఇక నీ మైస్ కంట్రోల్ కంటే కూడా ఎందుకు భయపడ్డాయి? ఎస్సిటలోప్రామ్ ఒంట్లోకి వెళ్ళగానే సెరటోనిన్‌ని వెనక్కి లాక్కునే పంపుని మూసేస్తుంది. సినాప్స్‌లో (నరాల కణాల మధ్య సందులో) సెరటోనిన్ పెరగడానికి రోజులు పట్టదు. కానీ పెరిగింది ఎవరి మీద పనిచేస్తుంది? 5-హెచ్‌టీ2సీ అనే సెరటోనిన్ రిసెప్టర్ల మీద కూడా. వాటిని తడితే జంతువుకి కంగారు పెరుగుతుంది. ఇంకోపక్క మెదడులో సెరటోనిన్ వదిలే రాఫే న్యూక్లియస్‌లోని కణాల మీద 5-హెచ్‌టీ1ఏ రిసెప్టర్లుంటాయి. సెరటోనిన్ ఎక్కువైందని తెలియగానే అవి కణం ఫైరింగ్‌కి బ్రేకు వేస్తాయి. మందు రెండు మూడు వారాలు రోజూ పడుతూ ఉంటే ఆ బ్రేకు మొద్దుబారుతుంది. ఒక్క డోసుకి అరగంట తర్వాత నువ్వు చూసింది మొదటి రోజు ముఖం. అది మందు గుణమే. ఎస్ఎస్ఆర్ఐ ఒక్క డోసు ఇస్తే ప్లస్ మేజ్‌లో ఆందోళన పెరిగిందని చూపించినవాళ్ళు బోలెడుమంది.

ఆ సాగదీసి ముక్కు బయటపెట్టిన మౌస్ సంగతి రాశావు చూడు, నాకు భలే నచ్చింది. దానికి లెక్క ఉంది. స్ట్రెచ్-అటెండ్ అంటారు. ఓపెన్ ఆర్మ్‌లో ఎన్ని సెకన్లుందో మాత్రమే రాసేవాళ్ళు దాన్ని గాలికొదిలేస్తారు. కదలిక తగ్గి మూలన పడుకున్న జంతువు అలా పదేపదే సాగదు. బ్రో చెప్పినట్టు క్లోజ్డ్ ఆర్మ్ ఎంట్రీలు తప్పకుండా లెక్కపెట్టు, మంచి సలహా. కానీ నువ్వు రాసినదాన్ని బట్టి అది మత్తులో లేదు, లెక్కలు వేసుకుంటోంది. వీడియో ఉంటే స్ట్రెచ్‌లు, తల కిందికి వంచినవి విడివిడిగా మళ్ళీ లెక్కపెట్టు. ఏ బోనుది ఏ గ్రూపో తెలియని క్లాస్‌మేట్‌తో లెక్కపెట్టించు.

అవే మైస్‌ని మళ్ళీ ఎక్కించడం మాత్రం వద్దే వద్దు. ఒక్కసారి ప్లస్ మేజ్ చూసిన జంతువు రెండోసారి వేరే జంతువు కింద లెక్క. 1990లో ఫైల్ చూపించింది: ముందు ఒకసారి మందు లేకుండా ఐదు నిమిషాలు మేజ్ మీద తిరిగిన జంతువుకి రెండోసారి బెంజోడయాజిపైన్ ఇచ్చినా పనిచేయదు. మొదటిసారి భయం 'ఇదేంటో తెలియదు' అన్నది, రెండోసారి 'అక్కడికెళ్తే ఎత్తు' అన్నది. వారం ఆగినా మర్చిపోవు. మీ సార్ చెప్పినట్టు చేస్తే డయాజిపామ్ గ్రూపు కూడా పడిపోతుంది, ఉన్న ఒక్క మంచి ఫలితం మీద కూడా నీకే అనుమానం మొదలవుతుంది.

గోలీల సంగతి. బ్రో చెప్పింది నిజమే, ఎస్ఎస్ఆర్ఐ ఒక్క డోసుకే గోలీలు పూడ్చడం తగ్గుతుంది. కానీ మౌస్ గోలీకి భయపడి పూడ్చట్లేదు. ఊక కనిపిస్తే తవ్వడం దాని స్వభావం, తవ్వుతుంటే గోలీ కిందికి పోతుంది. గోలీలు లేకపోయినా తవ్వుతుంది. అందుకే చాలామంది దీన్ని ఆందోళన కింద కంటే చేసిందే చేయడం, అంటే ఓసీడీ వైపు లెక్క కింద చూస్తారు. గ్రాఫ్ అదిరిపోయిందన్నది నీకు కావాల్సిన జవాబు కాదు తల్లీ. మనిషికి వారాలు పట్టే మందు మౌస్‌లో అరగంటకే పనిచేసిందంటే నాకైతే ముందు అనుమానమే వస్తుంది.

నీ ల్యాబ్ గురించి కొన్ని అడుగుతాను, చెప్పు. మైస్‌ని మేజ్ మీద పెట్టేది ఎవరు, నువ్వా అటెండరా? తోక పట్టుకుని ఎత్తుతారా? మేజ్ మీద లైటు ఎంత? గది మార్చాక ఎంతసేపు ఆగారు?

కరీంనగర్_వాసి

నేను ఫార్మసీ వాణ్ణి కాదు, మామూలు ఉద్యోగిని. వెతుకుతుంటే ఇది కనిపించింది. ఆ 'మొదటి రోజు ముఖం' అన్న మాట చదివి ఆగిపోయిన. నాకు గుండెదడ, రాత్రి నిద్ర పట్టకపోవడం ఉంటే డాక్టర్ ఇదే మందు రాసిండు. మొదటి వారం మస్తు టెన్షన్ అయింది, ఉన్నదానికంటే ఎక్కువైంది. చేతులు వణుకుడు, కడుపులో తిప్పుడు. మా ఇంట్ల వాళ్ళయితే ఈ మందు నీకు పడలేదు పారెయ్యమన్నరు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఇట్లా అయితదని ముందే చెప్పిన కదా, ఆపకు అన్నడు. మెల్లగా నెమ్మదించింది. ఇప్పుడు బాగున్న.

ఎలుకకి కూడా ఇట్లనే అయితదా మేడమ్? నాకొక్కనికే అనుకున్న.

సైకియాట్రీ_పీజీ_వైజాగ్

కరీంనగర్ గారూ, మీ ఒక్కరికే కాదు. పానిక్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ, అందుకే మామూలు డోసులో సగంతో మొదలుపెట్టి పెంచుతాం. కొందరికి మొదటి రెండు మూడు వారాలు క్లోనజిపామ్ (డయాజిపామ్ కుటుంబానిదే) తోడిచ్చి తర్వాత మెల్లగా తీసేస్తాం. మీ డాక్టర్‌కి ఫోన్ చేయడం మంచి పని. చదివేవాళ్ళెవరూ దీన్ని చూసి సొంతంగా మందు మొదలుపెట్టడం, ఆపడం చేయకండి.

ఫార్మా వాళ్ళకి ఒక మాట. యాంటీ డిప్రెసెంట్లు ఆందోళన మీద పనిచేస్తాయని కనిపెట్టింది మేజ్ కాదు, వార్డు. 1960ల మొదట్లో న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లెయిన్ పానిక్ రోగులకి ఇమిప్రమిన్ అనే పాత యాంటీ డిప్రెసెంట్ ఇచ్చి చూశాడు. కొన్ని వారాలైనా రోగులు ఏమీ తగ్గలేదనే అంటున్నారు. వార్డు సిబ్బంది గమనించిందేమిటంటే, రోజూ చచ్చిపోతున్నామంటూ నర్సుల దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు రావడం మానేశారు. అటాక్‌లు ఆగాయి, మళ్ళీ వస్తుందేమోనన్న భయం మాత్రం అలాగే ఉంది.

ఎదురు ఉదాహరణ కూడా ఉంది. స్ట్రెస్ సంకేతాన్ని అందుకునే సీఆర్ఎఫ్1 రిసెప్టర్‌ని ఆపే మందులు జంతువుల్లో ఆందోళన తగ్గించాయని చాలా ఆశలు పెట్టుకున్నారు. అందులో పెక్సాసెర్‌ఫాంట్‌ని జనరలైజ్డ్ యాంగ్జైటీ ఉన్నవాళ్ళలో పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. ప్లాసిబోని (మందు లేని ఉత్తుత్తి మాత్రని) దాటలేదు. అదే ట్రయల్లో పోలిక కోసం పెట్టిన ఎస్సిటలోప్రామ్ దాటింది. ప్లస్ మేజ్‌లో ఫెయిలైన మందు మనుషుల్లో పాసైంది, జంతువుల్లో పాసైన మందు మనుషుల్లో ఫెయిలైంది. ఇక ఈ మైస్ ఎందుకు మేడమ్, కోపం తెచ్చుకోకుండా చెప్పండి.

వరి_ఊక

కోపమెందుకు డాక్టర్ గారూ, ఎథిక్స్ కమిటీ మీటింగుల్లో ఈ ప్రశ్న నేనే అడుగుతాను.

కరీంనగర్ గారూ, మౌస్‌కి గుండెదడ వచ్చిందని అది మనకి చెప్పలేదు. గోడల మధ్య నుంచి రాలేదన్నదే మనకి తెలిసేది. కానీ ఒక్క డోసుకి కంగారు, వారాల తర్వాత నెమ్మది అనే క్రమం మటుకు రెండు చోట్లా ఉంది.

డాక్టర్ గారి ప్రశ్నకి నా జవాబు ఇది. ఏ ప్రశ్నకి ఏ జంతువు, ఎన్ని రోజులు అన్నది చూడకుండా 'యాంగ్జైటీ మోడల్' అని ఒకే గాటన కట్టేస్తే మీరన్నట్టే అవుతుంది. వారాలకి పనిచేసే మందుకి వారాలకి కదిలే పరీక్ష కావాలి. నావెల్టీ సప్రెస్డ్ ఫీడింగ్ అలాంటిది. ఒక రోజంతా తిండి పెట్టని మౌస్‌ని బాగా వెలుతురున్న, ఎప్పుడూ చూడని పెట్టెలో వదులుతారు. నడిమధ్య తెల్ల కాగితం మీద ఒక్క పెల్లెట్. ఆకలి మధ్యకి లాగుతుంది, భయం గోడ వైపు లాగుతుంది. అది గోడ వెంబడే తిరుగుతుంది, పెల్లెట్ దాకా వచ్చి వాసన చూసి మళ్ళీ పారిపోతుంది. చివరికి ముందు కాళ్ళతో పట్టుకుని కొరుకుతుంది. వదిలినప్పటి నుంచి ఆ మొదటి కొరుకుడు దాకా పట్టిన సమయమే కొలత. డయాజిపామ్ ఒక్క డోసుకే ఆ సమయాన్ని తగ్గిస్తుంది. యాంటీ డిప్రెసెంట్ ఒక్క డోసుకి తగ్గించదు, వారాలు ఇస్తేనే తగ్గిస్తుంది. 2003లో కొలంబియా యూనివర్సిటీలో రెనే హెన్ ల్యాబ్ వాళ్ళు ఫ్లుఆక్సిటిన్‌ని 28 రోజులిచ్చి ఇందులోనే చూపించారు. ఎక్స్-రేతో మెదడులోని హిప్పోక్యాంపస్‌లో కొత్త కణాలు పుట్టకుండా చేస్తే ఆ ఫలితం పోయింది. కొత్త కణాల మీద వాదాలు ఇంకా తెగలేదు, అది వేరే పురాణం. నీకు కావాల్సింది ఆ టైమింగ్.

ఇందులోనూ తిరకాసులున్నాయి. ఒకటి జాతి. ఫ్లుఆక్సిటిన్‌కి బాల్బ్/సీ మైస్ స్పందిస్తాయి, సీ57 నల్ల మైస్ మాట వినవు. మన కాలేజీల్లో దొరికే స్విస్ అసలు ఇన్‌బ్రెడ్ (తరతరాలుగా దగ్గరి చుట్టరికంలోనే పెంచి ఒకేలా చేసినది) కాదు, ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. అందుకే గ్రూపుకి ఆరు చాలవు. రెండోది, మామూలుగా ఉన్న మౌస్‌కి అసలు జబ్బే లేదు కదా. డయాజిపామ్‌కి ఆ పట్టింపు లేదు, మామూలు దాన్ని కూడా బయటికి నడిపిస్తుంది. ఎస్ఎస్ఆర్ఐ అలా కాదు. అందుకే కొందరు తాగే నీళ్ళలో కార్టికోస్టిరాన్ అనే స్ట్రెస్ హార్మోన్ కలిపి వారాల తరబడి ఇచ్చి, జంతువు నిజంగా బెదిరిపోయే స్థితికి తెచ్చాకే మందు మొదలుపెడతారు.

గుంటూరు_ఫార్మా

మేడమ్, చాలా చాలా థాంక్స్. 1985 పేపరు ఇప్పుడే తెరిచి చూశాను. మీరు చెప్పిన వాక్యం సారాంశంలోనే ఉంది. సార్‌కి చూపించాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ప్రింటు తీసి ఇవ్వమన్నారు.

మీరడిగినవి: బోన్లు మోసుకొచ్చేది అటెండర్ అన్న, మేజ్ మీద పెట్టేది నేను. ఆయన లేటుగా వచ్చిన రోజు అన్నీ నేనే. తోక పట్టుకునే ఎత్తుతాం, మాకు అలాగే నేర్పారు. లైటు అంటే గదిలో ట్యూబులైటు వేస్తాం, లక్స్ మీటర్ లేదు. మేజ్ మా ఊరి వడ్రంగి ప్లైవుడ్‌తో చేసిచ్చాడు, నల్ల రంగు వేశాం. జంతువుల గది కింద ఫ్లోర్, మేజ్ పైన. తెచ్చిన వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టేవాళ్ళం.

క్లోజ్డ్ ఆర్మ్ ఎంట్రీలు లెక్కపెట్టాం. కంట్రోల్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు. స్ట్రెచ్‌లు చాలా ఎక్కువున్నాయి.

బెజవాడ_బ్రో

ఎంట్రీలు తగ్గలేదంటే నా డోసు థియరీ పోయినట్టే 😅 మేడమ్, తోక పట్టుకుంటే తప్పేంటి? అందరూ అలాగే కదా పట్టేది.

వరి_ఊక

అందరూ పడతారు, నిజమే. లివర్‌పూల్‌లో హర్స్ట్, వెస్ట్ అని ఇద్దరు 2010లో కొన్ని మైస్‌ని తోక పట్టి ఎత్తుతూ, కొన్నిటిని దోసిట్లో, కొన్నిటిని గొట్టంలోకి ఎక్కించి ఎత్తుతూ పోల్చారు. తోక పట్టినవి ప్లస్ మేజ్‌లో ఎక్కువ భయపడ్డాయి. మేం అట్టగొట్టాలు బోనులోనే పడేసి ఉంచుతాం, మౌస్ దానంతటదే లోపలికి దూరుతుంది, గొట్టంతో సహా ఎత్తుతాం. చేతికి కొరుకుళ్ళు కూడా తగ్గాయి.

అటెండర్ సంగతి ఊరికే అడగలేదు. 2014లో మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు చూపించారు, గదిలో మగమనిషి ఉంటే మైస్‌కి, ర్యాట్స్‌కి స్ట్రెస్ పెరుగుతుంది. మనిషి అక్కర్లేదు, మగవాళ్ళు వేసుకుని విప్పిన టీషర్టు పెట్టినా అంతే. ఒకరోజు ఆయన, ఒకరోజు నువ్వు అయితే ఆ తేడా గ్రూపుల మధ్యకి వచ్చి కూర్చుంటుంది. మూడు గ్రూపుల జంతువుల్నీ ప్రతిరోజూ కలిపి చేస్తే కొంత నయం. 1999లో మూడు నగరాల ల్యాబులు ఒకే జాతుల మైస్‌తో, ఒకే పద్ధతి రాసుకుని, ఎంతో జాగ్రత్తగా ఒకేసారి పరీక్షలు చేశాయి. అయినా ప్లస్ మేజ్ ఫలితాలు ల్యాబుకొకలా వచ్చాయి. కాబట్టి నీ కంట్రోల్ గ్రూపు అంకెల్ని వేరే కాలేజీ పేపర్లోని అంకెలతో పోల్చి బెంగపడకు.

పైఫ్లోర్‌కి మోసుకొచ్చాక కనీసం గంట వాటిని వాటి మానాన వదిలెయ్. లైటుకి ఫోన్‌లో లక్స్ యాప్ వేసుకుని నాలుగు ఆర్మ్స్ మీదా చూడు. అంకె అంత నమ్మదగ్గది కాకపోయినా ఓపెన్ ఆర్మ్స్ రెండూ ఒకేలా ఉన్నాయో లేదో తెలుస్తుంది. ట్యూబులైటు ఒక గోడకే ఉంటే ఒక ఆర్మ్ నీడలో పడుతుంది, మౌస్ అక్కడికే పోతుంది. వడ్రంగి చేసిన మేజ్‌కి ఓపెన్ ఆర్మ్ అంచున చిన్న పట్టీ కొట్టాడేమో చూసి, ఉంటే ఎత్తు కొలిచి మెథడ్స్‌లో రాయి. కాలికి ఆనేది కాస్త దొరికినా మౌస్‌కి ధైర్యం వస్తుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మేజ్‌ని ఆల్కహాల్‌తో తుడిచి, ఆ వాసన పోయేదాకా ఆగు.

ఇప్పుడు థీసిస్ ఎలా పెట్టాలో నా మాట. నీ ఎక్స్‌ట్రాక్ట్ ఒక్క డోసు ప్లస్ మేజ్‌లో చూస్తున్నావు కాబట్టి అక్కడ స్టాండర్డ్ డయాజిపామే ఉండాలి, కష్టపడైనా తెప్పించు. ఎస్సిటలోప్రామ్ పైలట్‌ని దాచొద్దు. ఒక పేజీ కేటాయించి, ఎంట్రీలు, స్ట్రెచ్‌లతో సహా రాసి, 1985 పేపరుతో కలిపి చర్చించు. వైవాలో ఎగ్జామినర్ అక్కడే ఆగుతాడు. ఆగనీ, నీ దగ్గర జవాబుంది. టైముంటే ఎక్స్‌ట్రాక్ట్‌ని, ఎస్సిటలోప్రామ్‌ని మూడు నాలుగు వారాలు నోటి ద్వారా ఇచ్చి ఫీడింగ్ టెస్ట్ పెట్టొచ్చు. రోజూ ఇంజెక్షన్ పొడిస్తే ఆ పొడుపే ఒక స్ట్రెస్.

ఆ పరీక్షలో రెండు జాగ్రత్తలు. ఈ మందులు ఆకలి మీద కూడా పనిచేస్తాయి. కాబట్టి మొదటి కొరుకుడు పడగానే జంతువుని సొంత బోనులో పెట్టి, తూచిన పెల్లెట్ ఇచ్చి, ఐదు నిమిషాల్లో ఎంత తిందో చూడు. అక్కడా తేడా ఉంటే నువ్వు కొలిచింది భయం కాదు, ఆకలి. రెండోది, పది నిమిషాలైనా ముట్టని మైస్ కొన్ని ఉంటాయి. వాటికి 600 సెకన్లని వేసేసి సగటు తీసి టీ-టెస్ట్ చేయొద్దు. ఎంతసేపటికి ఎన్ని కొరికాయో, ముట్టనివాటిని కూడా కలుపుకుని చూపే కప్లాన్-మేయర్ కర్వ్ గీయించు, మీ స్టాటిస్టిక్స్ సార్‌కి తెలిసే ఉంటుంది.

రోజంతా ఆకలితో ఉంచడానికి కమిటీ ఒప్పుకోకపోతే ఇదే పరీక్షకి మెత్తటి రూపం ఒకటుంది. మిల్క్‌మెయిడ్ లాంటి తియ్యటి పాలని ఒక వంతుకి మూడు వంతుల నీళ్ళు కలిపి ముందు మూడు రోజులు అలవాటు చేస్తారు. తర్వాత ఒకరోజు సొంత బోనులో, మర్నాడు కొత్త బోనులో పెట్టి ఎంతసేపటికి నాకిందో చూస్తారు. ఆకలి పెట్టక్కర్లేదు. బేరం బాగుందని కమిటీ వెటర్నరీ డాక్టర్లు త్వరగా సంతకం పెడతారు.

గుంటూరు_ఫార్మా

మిల్క్‌మెయిడ్ డబ్బా అయితే ఎవరి లెటర్‌హెడ్ అక్కర్లేదు మేడమ్ 😀 సార్ ఫీడింగ్ టెస్ట్‌కి ఒప్పుకున్నారు. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ఫారం-బి సవరణ రాస్తున్నాను. గ్రూపుకి ఎన్ని అడగమంటారు?

వరి_ఊక

ఊరికే పది, పన్నెండు అని రాస్తే కమిటీ కొట్టేస్తుంది. నీ పైలట్‌లో కంట్రోల్ గ్రూపు అంకెలు ఎంత చెదిరాయో చూసి పవర్ లెక్క (తేడా ఉంటే పట్టుకోవడానికి ఎన్ని జంతువులు కావాలో) వేయి, దానికి జీ-పవర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ప్లస్ మేజ్ చెదురు ఫీడింగ్ టెస్ట్‌కి సరిగ్గా సరిపోదు. కాబట్టి మందేమీ ఇవ్వని నాలుగైదు మైస్‌తో ముందు పాల పరీక్ష చిన్నది పెట్టుకునేందుకు కూడా అదే ఫారంలో అనుమతి అడుగు. లెక్క వచ్చాక ఇక్కడ పెట్టు, చూస్తాను.